మీరు మూసిన కౌంటర్ నా కొట్లో తెరుచుకుంది

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల ఐటీ శాఖల అధికారులకు, వాళ్లకు యాప్‌లూ పోర్టళ్లూ తయారుచేసి ఇచ్చేవారికి,

నమస్కారం.

నాకు భద్రాచలంలో ఒక నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, జెరాక్స్ మిషన్, ప్రింటర్, లామినేషన్ పెట్టె, వేలిముద్రల మిషన్, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక చెక్కబెంచీ. పద్నాలుగేళ్ల నుంచి ఇదే నా బతుకుతెరువు. రెండు ప్రభుత్వాలకూ కలిపి ఒకే ఉత్తరం ఎందుకంటే, నా గిరాకీ రెండు రాష్ట్రాలదీ. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలిపాక భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల ఊళ్లు అటు పోయాయి. మా ఊరి పొలిమేర దాటితే ఎటపాక, అది ఆంధ్ర. పొద్దున్నే దుమ్ముగూడెం నుంచి వచ్చినామెకు తెలంగాణ సైటు తెరుస్తాను, ఆమె వెనక నిలబడ్డ కూనవరం ఆయనకు ఆంధ్ర సైటు తెరుస్తాను. రెండూ ఒకేలా హ్యాంగవుతాయి. ఆ విషయంలో మాత్రం రాష్ట్ర విభజన ఇంకా జరగలేదు.

ఈ ఉత్తరం నాతో రాయించింది ఒక కోయ అవ్వ. మూడు వారాల్లో నాలుగుసార్లు నా కొట్టుకు వచ్చింది. ఆమె బ్యాంకు ఖాతా ఆగిపోయింది. అక్కడికి వెళ్తే ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పని, చేయించుకోవాలన్నారట, బయట నెట్ సెంటర్లో చేస్తారు పొమ్మన్నారట. వేలు పెట్టించాను. పడలేదు. పదివేళ్లూ మార్చి మార్చి పెట్టించాను, ఒక్కటీ పడలేదు. ఎండాకాలం తునికాకు ఏరడం, అంతకుముందు మిరప తోటల్లో కోత, మిగతా రోజులు మట్టిపని. ఆ వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? పోనీ ఓటీపీతో చేద్దామని చూస్తే, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు ఆమెది కాదు.

"ఈ నంబరు ఎవరిది అవ్వా?"

"నా మనవడిది బిడ్డా. ఆడు హైదరాబాద్ పోయిండు, బిల్డింగుల పనికి."

ఫోన్ చేశాను. స్విచాఫ్. నంబరు మార్పించుకోమని ఆధార్ సెంటర్‌కు పంపాను. అక్కడ నంబరు మార్చాలన్నా వేలిముద్రే పడాలి. వేలిముద్ర పడకే కదా నంబరు కావాల్సి వచ్చింది! కంటిపాప చూపించి చేసే దారి ఒకటుంది. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు, మిషన్ ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుని, వెళ్లేటప్పుడు "నేను బతికే ఉన్న గదా బిడ్డా, ఆ మాట ఆళ్లకు జెప్పు" అంది. ఆళ్లంటే ఎవరో ఆమెకు తెలియదు. నాకూ సరిగ్గా తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మీరు "ఇకనుంచి అంతా ఆన్‌లైన్" అని ప్రకటించినప్పుడల్లా నా గల్లాపెట్టె నిండుతుంది. డిగ్రీ అడ్మిషన్లు, వెబ్ ఆప్షన్లు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ రెన్యువళ్లు, రేషన్ కార్డులో పేరు చేర్చడం, భూమి రికార్డు తీసి చూడటం, ప్రతిదానికీ నా దగ్గర ఒక రేటుంది. పేజీకి ఇంత, అప్లికేషన్‌కు ఇంత, ఆఖరి తేదీ రోజు సర్వర్ డౌనయితే ఇంకొంచెం ఎక్కువ. ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న సేవకు నా దగ్గర యాభయ్యో వందో అవుతుంది. నేను మోసం చేయడం లేదు, నా పనికి కూలి తీసుకుంటున్నాను. కానీ ఆ కూలి ఇచ్చుకునేది ఎవరో చూడండి. ఫోన్ ఉండి, చదువు ఉండి, ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో పని చేసుకోగలవాడు పైసా ఇవ్వడు. అవేవీ లేనివాళ్లే బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, పైగా నాకు డబ్బులిస్తారు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి పనికి రోజుకూలి 307 రూపాయలు. అందులోంచి నా వాటా ఎంతో లెక్క వేస్తే నాకే సిగ్గేస్తుంది.

పాత రోజులు బంగారం అని నేను అనను. కులం సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన ఇంట్లోనే పుట్టాను. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ పెట్టినప్పుడు, 2011లో ఊరూరా మీసేవలు వచ్చినప్పుడు జనం ఊపిరి పీల్చుకున్నారు. చేయి తడపకుండా కాగితం చేతికొచ్చింది. కానీ ఒకటి గమనించండి. ఈసేవలోనైనా మీసేవలోనైనా కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చునేవాడు. జనం అద్దానికి ఇవతల నిలబడి నోటితో చెప్పేవాళ్లు, టైపు చేసే బాధ అతనిది. ఇప్పుడు మీరు చేసిందేమిటంటే ఆ అద్దం తీసేసి, ఆ కీబోర్డును జనం వైపు తిప్పారు. ఆపరేటర్ పని వాళ్ల నెత్తినే పెట్టారు. చేతకానివాళ్లు నా దగ్గరికి వస్తున్నారు.

ఆంధ్రలో 2025 జనవరి 30న వాట్సాప్ గవర్నెన్స్, అంటే వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు, మొదలైంది, 'మన మిత్ర' పేరుతో. మొదలైన రోజే 161 సేవలన్నారు. నేను దాన్ని తిట్టబోవడం లేదు. విజయవాడలో ఉండే మా బావమరిది దానిలో పని చేసుకుని మెచ్చుకుంటూ ఫోన్ చేశాడు. నేను అడిగేది ఒకటే. ఆ 161 సేవలూ కాగితం మీద రాసుకొచ్చి సచివాలయంలో ఇచ్చినా అంతే తొందరగా జరుగుతాయా? లేక కాగితం పట్టుకొచ్చినవాణ్ని "ఫోన్లో పెట్టుకోండి" అని తిప్పి పంపుతారా? నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేది రెండో మాటే.

"ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే కదా" అని మీరంటారు. ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, ఆడమనిషి చేతిలో ఉండటం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను "ఎప్పుడైనా, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగితే ఆంధ్రలో నూటికి 21 మంది, తెలంగాణలో 26 మందికి కాస్త పైగా వాడామన్నారు. అదే మగవాళ్లలో ఆంధ్రలో దాదాపు 49, తెలంగాణలో 57. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగాయి, కాదనను. కానీ నా కొట్లో ఫారాలు నింపేటప్పుడు మొబైల్ నంబరు గడి దగ్గరికి రాగానే పెళ్లయిన ఆడవాళ్లు ఇప్పటికీ వెనక్కి తిరిగి భర్త మొహం చూస్తారు. ఓటీపీ వచ్చేది అతనికి. బ్యాంకులో డబ్బు పడిందని మెసేజ్ వచ్చేది అతనికి. ఆమె పేరున ఉన్న పథకం గుట్టంతా అతని జేబులో ఉంటుంది.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండటమే నాకు సుఖం, అయినా చెబుతాను. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లకు నా దగ్గరే వెబ్ ఆప్షన్లు పెట్టింది. మొదటి ఆప్షన్ హైదరాబాద్‌లో ఒక కాలేజీ. హాస్టల్ ఫీజు ఎంతవుతుందో, బస్సులు ఎన్నింటికున్నాయో కూడా కనుక్కుని, కాగితం మీద రాసుకుని వచ్చింది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరు మాత్రం వాళ్ల అన్నది, ఇంట్లో ఉన్న ఒకే స్మార్ట్‌ఫోన్ అతనిదే కాబట్టి. రెండు రోజుల తరవాత అన్న ఒక్కడే వచ్చాడు. "చెల్లి అంత దూరం వద్దనుకుంది, దగ్గర కాలేజీ మొదటికి తెచ్చేయండి అన్నా" అన్నాడు. పాస్‌వర్డ్ నా నోట్‌బుక్కులో ఉంది. ఓటీపీ అతని ఫోన్లో ఉంది. ఆప్షన్లు మార్చింది నేనే. సీట్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి వచ్చి, స్క్రీన్ చూసి, ఏమీ అనకుండా ప్రింటుకు పది రూపాయలు ఇచ్చి వెళ్లింది.

తప్పు నాది, వాళ్ల అన్నది. ఒప్పుకుంటాను. కానీ ఆమె లేకుండానే ఆమె చదువు మార్చేసే వీలు మాకు ఎవరిచ్చారు? పదిహేడేళ్ల పిల్ల సంతకానికి బదులు మగవాడి ఫోన్ నంబరు చాలని నిర్ణయించింది ఎవరు? ఆ స్క్రీన్ తయారుచేసినప్పుడు మీ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా, అందరికీ సొంత ఫోన్ ఉండదని తోచి ఉంటే, ఆప్షన్లు మార్చడానికి అమ్మాయి హాల్ టికెట్ పట్టుకుని ఏదో ఒక ప్రభుత్వ కాలేజీకి స్వయంగా రావాలనే ఒక్క మెట్టు పెట్టేవారు.

ఆ నోట్‌బుక్కు గురించి కూడా మీకు తెలియాలి. అందులో వందల మంది యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు ఉన్నాయి. వాళ్లే రాసుకోమంటారు, "మేం మర్చిపోతాం, నీ దగ్గరే ఉంచు" అని. ఏటీఎం పిన్ కూడా గట్టిగా చదివి వినిపిస్తారు, బెంచీ మీద ఇంకో నలుగురు కూర్చుని ఉండగా. సైబర్ నేరాల మీద మీరు చేసే ప్రకటనలు మంచివే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు. చెప్పకపోతే ఆమెకు పని జరగదే! నాకు చెప్పక తప్పని పరిస్థితి కల్పించింది మీరే, ఎవరికీ చెప్పొద్దని హెచ్చరించేదీ మీరే.

సిగ్నల్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. దేశంలో పంచాయతీలన్నిటికీ ఫైబర్ లాగుతామని 2011లో మొదలుపెట్టిన పథకం ఇప్పటికీ పూర్తవలేదు. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు అన్నారు. ఫోటో సిగ్నల్ లేనిచోట తీసినా, ఎక్కించడానికి గుట్ట దిగి రోడ్డు మీదికి రావాలి. ఎక్కకపోతే తవ్విన మట్టి తవ్వనట్టే. ఇంత చేసినా దొంగ హాజరు ఆగిందా అంటే, ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ ఇచ్చింది. మోసం చేసేవాడికి యాప్ అడ్డం కాలేదు, గుట్ట మీద ఉన్నవాడికి అయింది.

రీఛార్జ్ సంగతి కూడా అంతే. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచాక, మా దగ్గర చాలామంది పనిపడిన నెలలో మాత్రమే రీఛార్జ్ చేయిస్తున్నారు. మిగతా నెలల్లో సిమ్ చచ్చి ఉంటుంది. మీ ఓటీపీ ఆ చచ్చిన సిమ్‌కు వెళ్తుంది.

నేను టెక్నాలజీకి శత్రువుని అనుకోకండి. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఇళ్లలోకి నీళ్లొచ్చి ట్రంకు పెట్టెల్లో దాచుకున్న కాగితాలన్నీ ముద్దయిపోయాయి. నీళ్లు తీశాక జనం నా కొట్టు ముందు బారులు తీరారు. ఆధార్లు, పదో తరగతి మెమోలు, పట్టా వివరాలు, ఎన్ని దొరికితే అన్ని ఆన్‌లైన్‌లోంచి తీసి ప్రింటు ఇచ్చాను. కాగితమే అంతా అయి ఉంటే ఆ కుటుంబాలు ఏమయ్యేవి? ఆ వారం నా పని మీద నాకు గౌరవం కలిగింది. అదే వారం కరెంటు పోయి, టవర్లు మూగబోయినప్పుడు ఏ యాప్ పలకలేదన్నదీ నిజమే. అప్పుడు పడవలో వచ్చిన మనుషులే పలికారు.

ఇంకో కుర్రాడు వస్తాడు, చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాడు. ఫోన్లో ఉన్నది చదివి వినిపించే సదుపాయంతో నాకంటే చురుగ్గా ఫోన్ వాడతాడు. అతనికి అడ్డుపడేది కళ్లు కాదు, మీరు పెట్టే కాగితాలు. జీవోలు, నోటిఫికేషన్లు కాగితం మీద అచ్చేసి, స్టాంపు కొట్టి, మళ్లీ స్కాన్ చేసి పెడతారు. అది అతని ఫోన్‌కు ఉత్త బొమ్మ, అందులో ఒక్క అక్షరమూ వినపడదు. ఆ పైన బొమ్మలో వంకరటింకర అంకెలు చూసి టైపు చేయమంటారు. "అన్నా, ఏముందో చదువు" అని నా దగ్గరికి వస్తాడు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో, అంటే జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన కేసులవి. ఆ తీర్పు మీ ఆఫీసుకు చేరే ఉంటుంది. మా కుర్రాడికి ఇంకా చేరలేదు.

భాష గురించి ఒక ముక్క. తెలుగులో సైటు ఇచ్చామంటారు. తీరా తెరిస్తే మొదటి పేజీకి వెళ్లే 'హోమ్' బటన్ మీద 'ఇల్లు' అని ఉంటుంది. ఒకాయన ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని సంబరపడ్డాడు. నవ్వులాటకు చెప్పడం లేదు. మిషన్ చేత తర్జుమా చేయించి, తెలుగు చదవగల మనిషి ఒక్కడికైనా చూపించకుండా పెట్టేస్తున్నారు. ఇక మా వైపు కోయవాళ్లకు ఆ తెలుగు కూడా రెండో భాషే. నోటితో చెబితే పని చేసిపెట్టే యాప్‌లు వస్తున్నాయని విన్నాను. అవి ఏ భాషలో వింటాయో ముందే చెబితే మంచిది.

మీరు తలుచుకుంటే వేరేలా చేయగలరని నాకు తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబర్ 28 నుంచి పది రోజులు ప్రజాపాలన పేరుతో ఊళ్లలో సభలు పెట్టి అర్జీలు తీసుకున్నారు. కాగితం ఫారం, చేతిరాత, అక్కడే ఒక రసీదు. కోటికి పైగా అర్జీలొచ్చాయి. ఆ ఫారాలు కొన్ని హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడ్డాయన్నదీ గుర్తుంది, ఆ పని అంత జాగ్రత్తగా జరగలేదు. అయినా ఆ పది రోజులూ నా కొట్టు బోసిపోయింది. ముసలివాళ్లు తమ ఊళ్లోనే, తమ చెట్టు కిందే, తెలిసిన మనిషికి అర్జీ ఇచ్చుకున్నారు. టైపు చేసే బాధ తరవాత ప్రభుత్వం పడింది. పడాల్సింది ప్రభుత్వమే.

ఆంధ్రలో 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు పదిహేను వేలకు పైన ఉన్నాయి. మనుషులున్నారు, కంప్యూటర్లున్నాయి. చేయాల్సిందల్లా ఒక ఉత్తర్వు. ఫోన్లో చేయగలిగే ఏ సేవనైనా ఇక్కడ నోటితో చెప్పినా, కాగితం మీద ఇచ్చినా తీసుకోవాలి, తేదీ వేసి రసీదు ఇవ్వాలి, ఓటీపీ లేదన్న సాకుతో తిప్పి పంపకూడదు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు. అతనికి ఉన్న పనులకు ఇది అదనమే, అందుకని ఇంకో మనిషిని ఇవ్వండి. యాప్ తయారీకి ఇచ్చే కాంట్రాక్టుల ముందు ఆ జీతం ఎంత?

మిషన్ ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో ఎవరి బియ్యం గానీ, పింఛను గానీ, పేరు గానీ తీసేయకండి. 2016 నుంచి తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ ఇళ్లకు వెళ్లి తనిఖీ చేయమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కంప్యూటర్ లెక్కలు చూసి తీసేసిన కార్డులవి. ఆ తనిఖీ ముందే చేసి ఉంటే కోర్టు దాకా పోయే పనేముంది? తీసేయడానికి మిషన్ చాలుతున్నప్పుడు, ఉంచడానికి ఊరి ఉద్యోగి సంతకం ఎందుకు చాలదు?

నేర్పించడం మాటకొస్తే, కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ 2022లోనే ఊరంతటికీ ఫోన్ వాడకం నేర్పింది. ఉపాధి కూలీలకు పని దగ్గరే నేర్పారు. 2025 ఆగస్టులో కేరళ రాష్ట్రమంతా డిజిటల్ అక్షరాస్యత సాధించిందని ప్రకటించుకుంది. అంతా నిజంగా నేర్చుకున్నారా అని అనుమానం ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ మనకు సొంత పాఠం ఒకటి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు, పాఠం చదివి ఊరుకోలేదు, దూబగుంటలో సారా కొట్టు మూయించారు. చివరికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ బళ్లు వాళ్లకు దరఖాస్తు నింపడం నేర్పడానికి పెట్టినవి కావు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు ఫోన్ నేర్పితే వాళ్లు ఏం చేస్తారో మీరూ నేనూ ఊహించలేం. ముందుగా నా కొట్టుకు రావడం మానేస్తారనుకుంటాను. మానేయనివ్వండి. జెరాక్సూ లామినేషనూ చేసుకుని బతుకుతాను.

ఒకసారి మీలో ఎవరైనా జూన్‌లో రండి, అడ్మిషన్ల సీజన్‌లో. అధికారిగా వద్దు, మామూలుగా వచ్చి బెంచీ మీద కూర్చోండి. టీ నేనే చెప్పిస్తాను.

ఉత్తరం ఇక్కడికి ఆపుతాను, రేపు పొద్దున తొమ్మిదింటికి షట్టర్ తీయాలి. అవ్వ మళ్లీ వస్తానంది. రాత్రి పడుకునేముందు వేళ్లకు కొబ్బరినూనె పట్టించి, పొద్దున సబ్బుతో కడుక్కుని రమ్మన్నాను. ఒక్కోసారి అలా చేస్తే పడుతుంది.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
భద్రాచలం